మెరకలో నాలుగు సాళ్లు

పాకాల దగ్గర పల్లెల్లో మూడేళ్లుగా చెనక్కాయ (వేరుశనగ) రైతులకు ఒకటే మాట చెబుతూ వచ్చాను. పూత సమయంలో, పూల నుంచి ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేయండి, అందులో కాల్షియం ఉంటుంది, కాయకు కావాల్సిన కాల్షియాన్ని ఊడలూ కాయలే నేరుగా మట్టిలోంచి తీసుకుంటాయి అని. అందరూ తలూపేవాళ్లు. వేసింది మాత్రం ఒకరిద్దరే. చాలా బాధేసేది.

ఈసారి ఒక అక్కతో, "నీ చేలో నువ్వే వేసి చూసి, నాకు చెప్పక్కా" అన్నాను. ఆమె చేను చుట్టూ తిరిగొచ్చి, "పల్లం వైపు వద్దు నాయనా, అక్కడ ఎట్లాగూ బాగా కాస్తుంది. మెరకలో నాలుగు సాళ్లకు వేద్దాం, పక్కనే నాలుగు వేయకుండా వదిలేద్దాం" అంది. మేం వ్యవసాయ కాలేజీలో ఏళ్ల తరబడి నేర్చుకున్నది సరిగ్గా అదే, వేసినదీ వేయనిదీ ఒకే నేలలో పక్కపక్కన పెట్టి పోల్చడం! ఆమెకు అది తన నేల నేర్పింది.

కాయలు పీకే రోజు రెండు వైపులా పదేసి చెట్లు పీకి గట్టు మీద కూర్చున్నాం. ఒక్కో కాయ చెవి దగ్గర ఆడించి, తాలు కాయలు కొంగులోకి, గట్టివి చేటలోకి వేసింది. జిప్సం వేసిన సాళ్ల తాలు కొంగులో పిడికెడు కూడా లేదు. పక్క చేలవాళ్లు వచ్చి తామే ఒలిచి చూసుకున్నారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు.

నిన్న వాళ్లలో ఒకన్న ఫోన్ చేశాడు. "జిప్సం ఎక్కడ దొరుకుతుంది సార్? మా ఎర్రచేలో కూడా నాలుగు సాళ్లు చూస్తాం."