పిల్లల కంట్లో ట్రకోమా: పై రెప్ప తిప్పితేనే దొరికేది

కళ్లు ఎర్రబడి, పుసులు కట్టి, ఈగలు ముసురుతున్న పిల్లోణ్ణి చూస్తే మన వైపు "కండ్లకలకలే, వారానికి అదే పోతుంది" అంటారు. చాలాసార్లు అది నిజమే. ట్రకోమా మాత్రం అలా పోదు. క్లమీడియా ట్రకోమాటిస్ అనే బ్యాక్టీరియా చిన్నతనంలో మళ్లీ మళ్లీ సోకితే పై రెప్ప లోపలి పొర మీద ఏళ్ల తరబడి మచ్చ కడుతుంది. మచ్చ ముడుచుకుని రెప్ప అంచును లోపలికి లాగితే, వెంట్రుకలు నల్లగుడ్డును గీరతాయి. కంట్లో పువ్వు పడేది పెద్దయ్యాక. దానికి బీజం పడేది అంగన్‌వాడీ వయసులో.

మన దేశంలో దీని మీద పోరు 1956 పైలట్ ప్రాజెక్టు నాటిది. 1963లో జాతీయ కార్యక్రమం వచ్చింది, 1976లో దాన్ని అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిపారు. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌లో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని గుర్తించింది. దీనర్థం ఒక్క కేసూ లేదని కాదు. ఒకటి నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో పై రెప్ప లోపల ట్రకోమా కురుపులున్నవాళ్లు 5 శాతంలోపు, పదిహేనేళ్లు దాటినవాళ్లలో వెంట్రుకలు లోపలికి తిరిగి, ఆరోగ్యశాఖ లెక్కకు రానివాళ్లు 0.2 శాతంలోపు ఉండాలన్నది గీటు. భారం ఎక్కువ మోసింది పంజాబ్, హర్యానా, రాజస్థాన్, గుజరాత్, ఉత్తరప్రదేశ్. కాబట్టి కర్నూలులోనో కడపలోనో కళ్లెర్రబడిన ప్రతి పిల్లోడికీ ట్రకోమా అని బెదరక్కర్లేదు. వారాలు గడిచినా తగ్గకపోతే, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేలా ఉంటే మాత్రం రెప్ప తిప్పి చూపించుకోవాలి.

అక్కడే చిక్కు. ట్రకోమా ఉన్న పిల్లల చూపు మామూలుగానే ఉంటుంది, చార్టు గడగడా చదివేస్తారు. 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు మొదట బడిపిల్లల దగ్గరికే వెళ్లింది. అలాంటి బడి పరీక్షల అసలు పని చూపు కొలవడం. ట్రకోమా దొరకాలంటే వేరే చూపు కావాలి.

చూసే పద్ధతి ఇదీ. చేతులు కడుక్కుని, 2.5 రెట్లు పెద్దగా చూపే లూప్ పెట్టుకుని, పిల్లను ఎండ వెలుగుకో టార్చికో ఎదురుగా కూర్చోబెట్టాలి. చిన్నవాళ్లయితే తల్లి ఒళ్లో పడుకోబెట్టి, తల కదలకుండా పట్టాలి. ముందు వెంట్రుకలు గుడ్డుకు తగులుతున్నాయా, తర్వాత నల్లగుడ్డు తేటగా ఉందా చూసుకోవాలి. ఆపైన పిల్లను కిందికి చూడమని, పై రెప్ప వెంట్రుకలను చూపుడువేలూ బొటనవేలూ మధ్య పట్టి, రెప్ప పైభాగాన్ని నెమ్మదిగా నొక్కుతూ అంచును పైకి మడిస్తే లోపలి పొర బయటపడుతుంది. పిల్లోడు పైకి చూశాడా, రెప్ప టక్కున వెనక్కి పోతుంది. బలవంతం చేస్తే రెండో కన్ను చూడనివ్వడు.

ఆరోగ్యంగా ఉన్న పొర లేత గులాబీ రంగులో, సన్నటి రక్తనాళాలు నిలువుగా కనబడేంత తేటగా ఉంటుంది. మధ్యభాగంలో అర మిల్లీమీటరు, అంతకన్నా పెద్ద గుండ్రటి తెల్లటి కురుపులు ఐదో అంతకంటే ఎక్కువో ఉంటే ట్రకోమా. అంచుల దగ్గర కనబడే వాటిని లెక్కలోకి తీసుకోరు. పొర ఉబ్బి, సగానికి పైగా నాళాలు కనబడకపోతే తీవ్రమైన దశ. ఒక పిల్లోడి తర్వాత మరొకరిని ముట్టే ముందు మళ్లీ చేతులు కడగకపోతే, పరీక్ష చేసేవాళ్లే జబ్బును ఊరంతా పంచినట్టు.

మన ఎండకూ దుమ్ముకూ ఎక్కువగా కనబడే అలర్జీ కన్ను దీనికి దగ్గరగా ఉండి బోల్తా కొట్టిస్తుంది. అందులో దురద విపరీతం, వేసవిలో ముదురుతుంది, పుసి దారంలా సాగుతుంది. రెప్ప కింద ఎత్తుపల్లాల బండల్లా చదునైన గడ్డలుంటాయి. మందుల షాపులో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలు రెంటికీ ఎరుపు తగ్గిస్తాయి, అందుకే జనం వాటిని వదలరు. నెలల తరబడి వేస్తే కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తుంది, చూపు పోతే తిరిగి రాదు. డాక్టరు రాయకుండా వాటి జోలికి పోవద్దు.

ట్రకోమా అని తేలితే కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల అజిత్రోమైసిన్, ఒకే మోతాదు, పెద్దలకు 1 గ్రాము. పన్నెండు కిలోల పిల్లకు 240 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 200 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 100 ఉండే సీసా అయితే 12. రెండు రకాలూ షాపుల్లో ఉంటాయి, లేబుల్ చదవకుండా పోస్తే సగమే పడుతుంది. ఏడుస్తున్న పిల్లకు పడుకోబెట్టి, ముక్కు పట్టి పోయొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. కూర్చోబెట్టి కొద్దికొద్దిగా పట్టాలి. ఆరు నెలలలోపు బిడ్డలకు 1 శాతం టెట్రాసైక్లిన్ కంటి ఆయింట్‌మెంట్, రోజుకు రెండుసార్లు, ఆరు వారాలు. చూపు మసకబారుతోందని, ఎరుపు తగ్గిందని పదో రోజే ఆపేస్తారు, అందుకే అది సరిగా పనిచేయదు. పైగా ఒక్క పిల్లకే మందిచ్చి, పక్కలో పడుకునే అన్నను వదిలేస్తే జబ్బు మళ్లీ ఇంట్లోనే ఉంటుంది. మందు పనిచేసినా కురుపులు వారాలు, నెలలు కనబడతాయి, అవి చూసి మళ్లీ మోతాదు పోయొద్దు.

నన్నడిగితే మందు కంటే కొంగు మీదే ఎక్కువ కన్నేయాలి. ఒక బిడ్డ పుసి తుడిచిన పైట చెంగుతోనే రెండో బిడ్డ చీమిడి తుడుస్తారు. ఆ బ్యాక్టీరియా చీమిడిలోనూ ఉంటుంది. ఒకే కాటుక పుల్ల, ఒకే తువ్వాలు కూడా అంతే. అనంతపురం పల్లెల్లో ట్యాంకరు రాని రోజు ముందు కోత పడేది స్నానానికి, ఆ వెంటే మొహానికి. మొహానికి చెంబెడు నీళ్లు కూడా అక్కర్లేదు. డబ్బాకు అడుగున మేకుతో చిల్లు పెట్టి పుల్ల బిగిస్తే, పుల్ల తీసినప్పుడు వచ్చే సన్నటి ధార కింద పిల్లలు వాళ్లంతట వాళ్లే కడుక్కుంటారు.

కళ్ల మీద వాలే ఈగల్లో ట్రకోమాను ఎక్కువగా మోసేది ఆరుబయట నేలమీది మనిషి మలంలో పెరుగుతుంది, మరుగుదొడ్డి గుంతలో కాదు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా, చంటిపిల్లల దొడ్డికి పోయింది దిబ్బ మీద పారేస్తే ఆ ఈగకు కావలసింది దొరికినట్టే. దాన్నీ మరుగుదొడ్డిలోనే వేయాలి.

ఇంట్లో అవ్వ పట్టకారుతో రెప్ప వెంట్రుకలు పీక్కుంటూ ఉంటే, అవి కొన్ని వారాలకే మొండిగా మొలిచి గుడ్డును గుచ్చుతాయి. రెప్ప అంచును బయటికి తిప్పే ఆపరేషన్ మత్తుసూదితో అయిపోతుంది. కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించండి. ఆమె ఇంట్లో తిరిగే మనవళ్లు, మనవరాళ్ల రెప్పలు కూడా అదే రోజు తిప్పి చూడమనండి.