వడ్లగింజ తగిలిన కన్ను

మా మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద ఎటు చూసినా వరే. కోతలప్పుడు కంట్లో నలుసు పడితే ఎవరూ దాన్ని జబ్బుగా లెక్కపెట్టరు. కొంగు మడిచి ఊది కంటికి అద్దుకుంటారు. ఎవరో ఒకరు రెప్ప తిప్పి గుడ్డ కొనతో తీస్తారు. పక్కింట్లో బాలింత ఉంటే రెండు చుక్కల చనుబాలు పోయించుకుంటారు. నేను అంగన్‌వాడీ టీచర్ని. పిల్లల కళ్ళల్లో పాలు, ఆముదం, ఆకు పసరు పోయవద్దని తల్లులకు చెప్పడం నా పనిలో భాగం. అందుకే వానాకాలం పంట ఇంటికొచ్చే రోజుల్లో, కల్లంలో వడ్లు తూర్పార పడుతుండగా ఒక గింజ ఎగిరివచ్చి కుడి కంటికి తగిలినప్పుడు, అత్తమ్మ చనుబాలు తెప్పిస్తానన్నా వద్దని మంచినీళ్ళతో కడుక్కున్నాను.

మర్నాటికి కన్ను ఎర్రబడింది. ఆ తర్వాత నీళ్ళు కారడం, వెలుతురులోకి వస్తే రెప్ప తెరవలేకపోవడం మొదలయ్యాయి. మా ఊరి ఆర్‌ఎంపీ చుక్కల మందు ఇచ్చాడు. వేసిన పూటే హాయిగా అనిపించింది, ఎరుపు విరిగింది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నాం. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద ఓ తెల్లమచ్చ కనిపించింది. ఎడమ కన్ను మూసి చూస్తే ఎదురుగా ఉన్న మా ఆయన ముఖం ఆనవాలు తప్ప కళ్ళూ ముక్కూ తెలియలేదు.

అప్పటికీ చుట్టుపక్కల వాళ్ళు కళ్ళకలకే అన్నారు. కళ్ళకలక వేరు. అది ఒక కంటితో మొదలైనా చాలాసార్లు రెండోదానికీ పాకుతుంది. పుసి కట్టి పొద్దున రెప్పలు అంటుకుంటాయి గానీ, తుడుచుకుంటే చూపు మామూలుగానే ఉంటుంది. ఒక్క కన్నే నొప్పి పెడుతూ, వెలుతురు గుచ్చుకుంటూ, చూపు మసకబారుతుంటే అది కలక కాదని అనుమానించాలి. నల్లగుడ్డు మీద మచ్చ కనిపిస్తే ఇక ఒక్క రోజు కూడా ఆగకూడదు.

నల్లగొండలో చూసిన కంటి డాక్టరు వెంటనే హైదరాబాదు పంపించారు. అక్కడి డాక్టరమ్మ నా గడ్డం పరికరం మీద ఆనించి, లోపలికి చూడకముందే రెండు ప్రశ్నలు వేశారు. "కంట్లో ఏం తగిలిందమ్మా? ఇప్పటిదాకా ఏం చుక్కలు వేశారు?" సీసా తీసి ఇచ్చాను. పేరు చదివి ఆమె ముఖం మారిపోయింది. అందులో డెక్సామెథాసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్.

నారింజ రంగు కాగితపు ముక్క తడిపి కంటికి అద్ది, నీలి వెలుతురులో చూశారు. పుండు ఉన్నంత మేరా పచ్చగా వెలుగుతుందట. ఆ తర్వాత కన్ను మొద్దుబారే చుక్కలు వేసి, సన్నటి బ్లేడుతో పుండు అంచులు గీకారు. బ్లేడు కంటి మీదికి రావడం స్పష్టంగా కనిపిస్తుంది. నొప్పి లేదు గానీ, గీకుతున్న ఒరిపిడి తెలుస్తూనే ఉంటుంది. నా చేతులు కుర్చీని ఎంత గట్టిగా పట్టుకున్నాయో లేచాక వేళ్ళు చెప్పాయి. గీకినదాన్ని గాజు పలక మీద రాసి, మందు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూశారు. గంటలోపే తెలిసింది, ఫంగస్. సన్నటి దారపు పోగుల్లా అల్లుకుని ఉందన్నారు. తర్వాత ల్యాబులో పెంచి చూస్తే అది ఫ్యుసేరియం అని తేలింది. మట్టిలో, పైరు మీద, ఎండుగడ్డిలో ఉండే బూజు జాతి. మామూలు కంటిని అది ఏమీ చేయలేదు. వడ్లగింజో, వరి ఆకో, చెరకు ఆకో కార్నియాను, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను, గీరినప్పుడు ఆ గాటులోంచి లోపలికి దిగుతుంది.

ఆ చుక్కలు ఎందుకు హాయినిచ్చాయో డాక్టరమ్మ విడమరిచి చెప్పారు. ఎరుపు, వాపు, నొప్పి మన ఒళ్ళు ఆ బూజుతో పోరాడుతున్నందుకు వచ్చేవి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. కన్ను చల్లబడుతుంది, లోపల ఫంగస్ మాత్రం అడ్డులేకుండా పెరుగుతుంది. సరైన జబ్బుకు, డాక్టరు కనిపెట్టుకుని ఉండగా వేస్తే అది మంచి మందే. చీటీ లేకుండా అమ్మకూడని మందు కూడా. కంటి మంటకో దురదకో అవే చుక్కలు నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలు ముందే ముసరవచ్చు. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి చుక్కల సీసా మీదా డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడమని నేను అందరినీ బతిమాలుతున్నాను.

నాకు రాసినది నాటమైసిన్. మందు తెల్లగా అడుక్కు పేరుకుంటుంది, బాగా కుదిపి వేయాలి. మొదట్లో గంటగంటకూ, రాత్రిళ్ళు కూడా. కార్నియాకు రక్తనాళాలు ఉండవు కాబట్టి మింగే మాత్ర అక్కడికి సరిగా చేరదు, పైనుంచి చుక్కలే పోయాలి. అర మిల్లీమీటరు మందం ఉన్న పొర అయినా ఆ మందు లోపలికి తొందరగా ఇంకదు. అందుకని మధ్యమధ్యలో మళ్ళీ గీకేవారు. మా ఆయన ఫోనులో గంట పెట్టుకుని లేచేవారు. పొలం నుంచి వచ్చి కూలబడిన మనిషి, చీకట్లో సీసా కుదుపుతున్న చప్పుడు వినిపించేది. తెల్లారేసరికి మందు వెంట్రుకల మీద సున్నంలా గట్టిపడేది. కనుపాపను పెద్దది చేసే మరో చుక్కలు వేశాకే లోపలి పోటు తగ్గింది.

ఫంగస్ మొండిది. మచ్చ కదిలినట్టే ఉండదు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు నా పక్క మంచం మీద రైసుమిల్లు హమాలీ ఒకాయన ఉండేవారు. ఆయన కంట్లో నల్లగుడ్డు వెనక చీము అడుగున గీత కట్టి నిలిచింది, మందులకు లొంగలేదు. చనిపోయిన ఎవరో ఇచ్చిన కార్నియా కుట్టి కన్ను నిలబెట్టారు. ఆ కన్ను ఇచ్చిన కుటుంబానికి దండం పెడుతున్నానని ఆయన నాతో అన్నారు. కన్ను మూసిన ఆరు గంటల్లోపు కార్నియా తీయాలట. నేనూ మా ఆయనా పత్రాలు రాసిచ్చి, మా అబ్బాయికి ఆ సంగతి గట్టిగా చెప్పి ఉంచాం. ఆ వేళకు ఫోను చేయాల్సింది వాడే కదా.

నాకు రెండు నెలలు దాటాక పుండు మానింది. నడిమధ్యన కాకుండా కాస్త పక్కకు మచ్చ మిగిలింది. ఆ కంటితో అద్దాలు పెట్టుకుని 6/12 గీత చదువుతున్నాను. కన్ను బాగున్నవాళ్ళు పన్నెండు మీటర్ల నుంచి చదివేది నేను ఆరు మీటర్ల దగ్గరికి వెళ్ళి చదవాలి. పనిలోకి వెళ్ళిన కొత్తలో పిల్లల గ్లాసుల్లో పాలు పోస్తే సగం పక్కన పోయేవి. రెండు కళ్ళూ కలిస్తేనే దూరం తెలుస్తుందని అప్పుడే అర్థమైంది. గ్లాసు అంచుకు జగ్గు మూతి ఆనించి పోయడం నేర్చుకున్నాను.

కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు మా అత్తమ్మకు దగ్గరి చూపు అద్దాలు వచ్చాయి, వాటితోనే బియ్యంలో రాళ్ళు ఏరుతుంది. శిబిరాలు చాలా మేలు చేశాయి. కానీ కార్నియా పుండు శిబిరం వచ్చేదాకా ఆగదు.

ఇప్పుడు మా ఇంట్లో కల్లంలోకి దిగే ప్రతివాళ్ళకూ పక్కలు మూసి ఉండే ప్లాస్టిక్ కళ్ళద్దాలు ఉన్నాయి. చెమటకు మసక పడతాయని కూలీలు విసుక్కుంటారు. తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చి మరీ పెట్టిస్తాను. ఆర్‌ఎంపీ దగ్గరికి నా ల్యాబు కాగితం పట్టుకెళ్ళి అన్నీ చెప్పాను. ఎర్ర కన్నుతో వచ్చినవాళ్ళు ఒక్క పూటలో తగ్గాలంటారని ఆయన బాధ. అయినా యాసంగి కోతల్లో గడ్డిపరక గుచ్చుకున్న కుర్రవాణ్ణి చుక్కలు వేయకుండా నేరుగా కంటి ఆసుపత్రికి పంపించాడు. బస్సు చార్జీలూ తనే ఇచ్చాడు. అడ్డరోడ్డు మందుల దుకాణంలో మాత్రం అదే సీసా ఇంకా చీటీ లేకుండానే ఇస్తున్నారు. వచ్చే నెల తల్లుల సమావేశానికి ఆ దుకాణం ఆయన్ని పిలిచాను, వస్తానన్నాడు.