కారు అలారం మొత్తుకునుడు, బ్యాటరీ దిగుడు: నా అనుభవం

రాత్రిపూట ఎవరూ ముట్టుకోకుండానే బండి అరుస్తుంది. నాలుగు రోజులు తియ్యకుండా పెడితే సెల్ఫ్ తిరగదు, టిక్ టిక్‌మని ఊరుకుంటుంది. ఈ రెండూ కలిసి వచ్చాయంటే చాలాచోట్ల వినిపించే మొదటి మాట ఒకటే: "బ్యాటరీ పోయింది సార్, కొత్తది ఎయ్యాలె." కావచ్చు, కాకపోవచ్చు. కొలవకుండా కొత్తది వేస్తే ఆ కొత్తది కూడా వారంలో దిగే బండ్లు నల్లగొండలో తక్కువేం లేవు.

నేను పట్టుకున్నది పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్యాటరీ 12 వోల్టులు, 35 ఆంపియర్ అవర్ (ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే లెక్క). అలారం బండితో వచ్చింది కాదు, తర్వాత బయట బిగించింది. అందులో సెంట్రల్ లాకింగ్, అదురును పసిగట్టే షాక్ సెన్సర్, బానెట్ తెరిస్తే చెప్పే స్విచ్, స్టార్టింగ్ ఆపే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), లోపల సొంత చిన్న బ్యాటరీ ఉన్న సైరన్ ఉన్నాయి. ఇట్లాంటి బండిలో అలారం సంగతి ముందు తేల్చబోతే దారి తప్పుతాం. సొంత బ్యాటరీ ఉన్న సైరన్ పని ఏమిటంటే, దొంగ బ్యాటరీ తీగ కోస్తే తనంతట తాను అరవడం. బండి బ్యాటరీ బాగా దిగిపోయి వోల్టేజీ పడిపోతే, తీగ కోశారనే అనుకుంటుంది. అంటే అలారం చెడిపోయి అరుస్తుందా, బ్యాటరీ దిగి అరిపిస్తుందా అన్నది నిండు బ్యాటరీ మీద తప్ప తెలియదు. కనుక చార్జింగే మొదటి పని.

బ్యాటరీ విప్పేముందు సైరన్ పక్కనున్న తాళాన్ని చిన్న తాళంచెవితో తిప్పి దాన్ని ఆఫ్ చేశాను. లేకపోతే తీగ తియ్యగానే వాడకట్టంతా లేస్తుంది. 10 నంబరు పానాతో మైనస్ ముందు, ప్లస్ తర్వాత విప్పాలి. బిగించేటప్పుడు ప్లస్ ముందు. ఈ వరుస ఎందుకంటే, మైనస్ ఇంకా ఉండగా ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి, చార్జింగులో వచ్చే హైడ్రోజన్‌కు ఆ నిప్పే చాలు. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి చిలుమును గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పోసి, పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక మెరిసేదాకా గరుకు కాగితంతో గీకాను. బిగించిన తర్వాత పైన వాజిలైన్ పూత. ముందే పూసి బిగించడం కొందరి అలవాటు, నాకు నచ్చదు. లోహం లోహానికి తగలాలి.

బ్యాటరీని విడిగా పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే 11.7 వోల్టులు, అంటే దాదాపు ఖాళీ. 12.6 దాటితే నిండు, 12.4 అయితే ముప్పాతిక, 12.2 సగం, 12.0 పావు. చార్జింగు ఆంపియర్ అవర్‌లో పదో వంతు మించకూడదు. 35కి 3.5 ఆంపియర్లు, రాత్రంతా. ఎక్కువ ఆంపియర్లతో రెండు గంటల్లో ఎక్కించి ఇస్తే పై వోల్టేజీ కనిపిస్తుంది, ప్లేట్ల లోపలికి ఎక్కదు. చార్జర్ తీసిన వెంటనే వచ్చే రీడింగును కూడా నమ్మొద్దు. ఐదారు గంటలు ఆగి చూస్తే 12.5 నిలిచింది. మూతలు తీసే రకం కాబట్టి లోపలి యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ కూడా పెట్టాను. ఆరు సెల్లూ 1.230, 1.240 మధ్యే వచ్చాయి. మన ఎండలకు అమ్మే బ్యాటరీల్లో నిండు అంటే 1.240 దగ్గరే, అందుకే ఇక్కడ 12.5 కూడా నిండు కిందే లెక్క. ఒక్క సెల్ మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఏ చార్జరూ దాన్ని లేపదు, కొత్తది కొనాల్సిందే. ఇక్కడ ఆ తేడా లేదు.

ప్లేట్లు కనపడకుండా నీళ్లు నింపేటప్పుడు డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. బోరు నీళ్లు పనికిరావు, మన జిల్లా బోరు నీళ్లయితే మరీను. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, అందులోని ఉప్పులన్నీ లోపలే మిగిలి ప్లేట్లను తింటాయి. యాసిడ్ ఎప్పుడూ పొయ్యొద్దు, ఆవిరయ్యేది నీళ్లే.

బండిలో పెట్టి సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ స్తంభాల (క్లాంపులు బిగించే మొనల) మీద 10.1 వోల్టులు. 9.6 కంటే పైన ఉంటే బ్యాటరీ బాగున్నట్టే. కానీ మోటార్ మాత్రం బరువుగానే తిరిగింది. బ్యాటరీ ఇస్తోంది, మోటార్‌కు చేరడం లేదు. మల్టీమీటర్ ఒక కొన ఇంజన్ బ్లాకు మీద, ఇంకోటి మైనస్ స్తంభం మీద పెట్టి మళ్లీ సెల్ఫ్ కొట్టిస్తే 0.5 వోల్టులు కనిపించాయి. అక్కడ 0.2 దాటకూడదు. గేర్‌బాక్సు దగ్గర, ఇంజన్‌ను మైనస్‌కు కలిపే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు. విప్పి, గీకి, బిగిస్తే 0.1కి దిగింది, సెల్ఫ్ మారిపోయింది. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతిలో చూడాలి. స్టార్ట్ అయ్యాక స్తంభాల మీద 14.1, హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే 13.6. ఇంజన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద ఫిర్యాదు లేదు.

ఇంతవరకూ సులువే. అసలు పని లీకేజీ పట్టుకోవడం. బండి ఆపి తాళం తీసేశాక బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతోందో కొలవాలి. మామూలు బండికి 50 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.05 ఆంపియర్ దాటకూడదు. ఇక్కడ చాలామంది మైనస్ తీగ పీకి, మధ్యలో మీటర్ పెట్టి, వెంటనే రీడింగ్ చూస్తారు. అది తప్పుడు రీడింగ్. తీగ తెగి మళ్లీ తగిలినప్పుడు బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టెలు, అంటే మాడ్యూళ్లన్నీ మేలుకుంటాయి, అవి మళ్లీ పడుకోవడానికి అరగంట వరకూ పట్టొచ్చు. డోరు తెరిచి ఉంటే అసలే పడుకోవు.

నేను చేసిన వరుస ఇది. డోరు తెరిచి, లాక్ గొళ్లాన్ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నొక్కాను, డోరు మూసినట్టే అనుకుంటుంది, ఫ్యూజులు మాత్రం చేతికి అందుతాయి. బానెట్ స్విచ్‌ను నొక్కి టేపు చుట్టాను. మీటర్‌ను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ఒక కొన మైనస్ స్తంభానికి, ఇంకోటి మైనస్ క్లాంపుకు మొసలి క్లిప్పులతో పట్టించి, ఆ తర్వాతే క్లాంపును పైకి లాగాను. సర్క్యూట్ ఒక్క క్షణం కూడా తెగలేదు. రిమోట్‌తో లాక్ చేసేటప్పుడు సెంట్రల్ లాకింగ్ మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు గుంజి మీటర్ ఫ్యూజు ఎగరగొట్టొచ్చు, అందుకని ఆ క్షణానికి మీటర్‌కు సమాంతరంగా ఒక లావు తీగ తగిలించి, తర్వాత తీసేశాను. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు.

అరగంట తర్వాత రీడింగ్ 0.19 ఆంపియర్లు. చిన్న అంకెలాగే ఉంటుంది. రోజుకు లెక్కేస్తే 4.5 ఆంపియర్ అవర్ పైనే. నాలుగు రోజుల్లో 35లో సగం మాయం. సెల్ఫ్ పట్టకపోవడం ఈ లెక్కకు సరిగ్గా సరిపోయింది.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే బండి ఫ్యూజులకు రీడింగ్ కదల్లేదు. అలారం తీగలోని విడి ఫ్యూజు తియ్యగానే 0.03కి పడింది. అంటే 0.16 అలారందే. ఇట్లాంటి అలారం మాడ్యూల్ కాపలా స్థితిలో 20 మిల్లీ ఆంపియర్లు తింటే ఎక్కువ. మిగతా 0.14 ఎక్కడ? డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి తడిమితే, గంట నుంచి ఆగి ఉన్న బండిలో రిలే ఒకటి వెచ్చగా తగిలింది.

స్టార్టింగ్ ఆపే రిలే అది. 12 వోల్టుల మామూలు కారు రిలేలోని కాయిల్ (తీగ చుట్ట) గుంజేది అంతే, 0.14 చుట్టుపక్కల. రిలే కాళ్లకు నంబర్లుంటాయి, కాయిల్ కాళ్లు 85, 86. సెల్ఫ్ తీగ 30 నుంచి 87ఏ మీదుగా పోతుంది, కాయిల్ పని చేస్తే ఆ దారి తెగుతుంది. లాక్ చేయగానే మాడ్యూల్ 85కు మైనస్ ఇస్తుంది. 86కు ప్లస్ ఇగ్నిషన్ తీగ నుంచి రావాలి. అప్పుడు తాళం లేనంతసేపు కాయిల్‌కు కరెంటే ఉండదు, దొంగ తాళం తిప్పిన క్షణమే పని చేస్తుంది. ఇక్కడ బిగించినాయన దగ్గర్లో దొరికిన నేరు ప్లస్ తీగకు కలిపేశాడు. బండి లాక్ చేసిన ప్రతి నిమిషం కాయిల్ లాగుతూనే ఉంది. 86ను ఇగ్నిషన్ తీగకు మార్చి, టేపు చుట్టుడు కాకుండా టంకం పెట్టి, స్లీవ్ ఎక్కించాను. మన ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. ఒక జాగ్రత్త: ఎంచుకున్న తీగలో తాళం ఆన్‌లో ఉన్నప్పుడే కాదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు కూడా కరెంటు ఉండాలి. కొన్ని తీగలు సెల్ఫ్ సమయంలో చచ్చిపోతాయి. వాటికి కలిపితే దొంగ సెల్ఫ్ కొట్టగానే రిలే వదిలేస్తుంది, బండి హాయిగా స్టార్ట్ అవుతుంది.

మార్చాక రీడింగ్ 0.05. సైరన్ అరుపే బ్యాటరీని తింటుందని అందరూ అంటారు, లెక్క వేరు. సైరన్ ఒకటిన్నర ఆంపియర్లు, వెలిగి ఆరే నాలుగు 21 వాట్ల ఇండికేటర్లు సగటున మూడున్నర. అరనిమిషం అరిస్తే 0.04 ఆంపియర్ అవర్. ఆ మౌనంగా ఉన్న రిలే ఒక్క రోజులో తినేది ఎనభై అరుపులకు సమానం.

నిండు బ్యాటరీతో, లీకేజీ లేకుండా పెట్టినా అరుపు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అప్పుడిక సెన్సర్ల వంతు. రాత్రికొకటి చొప్పున సెన్సర్ ప్లగ్గు పీకి పెట్టడమే నమ్మకమైన పద్ధతి. అన్నీ ఒకేసారి సర్దితే ఏది దొంగో తేలదు. షాక్ సెన్సర్ పీకినా అరిచింది, బానెట్ స్విచ్ పీకితే ఆగింది. మీటర్ పెడితే, నొక్కి ఉన్నప్పుడు పూర్తిగా తెగి ఉండాల్సిన స్విచ్ కొన్ని కిలో ఓమ్‌లు చూపించింది. లోపల తుప్పు, దాని మీద రాత్రి తేమ. పైగా పైన రబ్బరు అరిగి, మూసిన బానెట్ దాన్ని సరిగ్గా నొక్కడం లేదు. స్విచ్ మార్చి, బానెట్ మూస్తే మూడు నాలుగు మిల్లీమీటర్లు లోపలికి పోయేట్టు సర్దాను. చవక వస్తువు, బాగుచేసే శ్రమ వద్దు.

షాక్ సెన్సర్ మర తిప్పి దాని సున్నితత్వం కూడా తగ్గించాను. మిర్యాలగూడ రోడ్డు మీద వడ్ల లారీలు పోతుంటే పక్కనున్న కిటికీ అద్దాలే అదురుతాయి, కొసకు తిప్పి పెట్టిన సెన్సర్ ఊరుకోదు. పిడికిలి మెత్తటి వైపుతో ముందు అద్దం పక్కనున్న బాడీ స్తంభం మీద కొడితే రెండు కూతలు కూసి ఆగాలి, గట్టిగా గుద్దితేనే పూర్తిగా మొత్తుకోవాలి. సెన్సర్‌ను స్పాంజి మీద అంటించకుండా లోహపు పట్టీకి జిప్ టైతో కట్టాలి. రిమోట్ దగ్గరికొస్తే గానీ పనిచెయ్యకపోతే, అందులోని 12 వోల్టుల 23ఏ సెల్ మార్చి చూడండి. ఆఫ్ కాని అలారం అని తిట్టుకునేవాటిలో కొన్నిటికి కారణం ఇదే.

ఇక సైరన్. దాని లోపలి చిన్న బ్యాటరీ ఉబ్బి తెల్లబడి ఉంటే మార్చాలి, దొరక్కపోతే సొంత బ్యాటరీ లేని సైరన్ వేసుకోవడం మేలు.

పండక్కి పది పదిహేను రోజులు ఊరికి పోతూ బండి వదిలేస్తే మైనస్ తీసి పెట్టుకోవడమే మంచిది. సైరన్ తాళం ముందు ఆఫ్, తర్వాత పానా. తిరిగొచ్చి తీగ తగిలించేటప్పుడు రిమోటూ తాళంచెవీ రెండూ జేబులో ఉండాలి. కరెంటు రాగానే కొన్ని అలారాలు తమంతట తామే లాక్ వేసుకుంటాయి, తాళంచెవి సీటు మీదుంటే అద్దం బయట నిలబడాల్సి వస్తుంది.