ఏడో నెల రిపోర్టు

కరెంటాఫీసులో ముప్పై ఏళ్లు మీటర్ రీడింగులు రాసినవాణ్ణి. అంకెలు చూసి బెదిరే అలవాటు నాకు లేదు. కానీ ఆ రోజు రిపోర్టులో, ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌ని పసిగట్టే రక్తపరీక్ష పీఎస్‌ఏ ఎదురుగా 386 అని ఉంటే, పాయింటు పెట్టడం మర్చిపోయారేమో, 3.86 అయి ఉంటుందిలే అనుకున్నాను. ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఆ కుర్రాడు "లేదండీ, రెండోసారి కూడా చేసి చూశాం" అన్నాడు.

అంతకుముందు ఆర్నెల్లు నడుం నొప్పికి మందులు మింగాను. ఒకచోట సయాటికా అన్నారు, ఇంకోచోట వయసు అన్నారు. 64 ఏళ్ల మగవాడికి నడుం నొప్పి వదలకపోతే ఆ ఒక్క రక్తపరీక్ష రాయాలని ఎవరికీ తోచలేదు. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సరని తేలింది. అది ఎంత దూకుడుగా ఉందో చెప్పే గ్లీసన్ స్కోరు పదికి 9. బోన్ స్కాన్‌లో వెన్నుపూసల్లో, తుంటిలో నల్లటి మచ్చలు, అంటే జబ్బు ఎముకలకి పాకింది. బెంగళూరు నుంచి వచ్చిన మా అబ్బాయి రాత్రంతా ఫోన్‌లో ఏదో చదివి, పొద్దున్న నా మొహం చూడలేకపోయాడు.

క్యాన్సర్ డాక్టరు గారు మాత్రం 386ని పెద్దగా పట్టించుకోలేదు. "ఎక్కడ మొదలైందన్నది కాదు సార్, ఏడో నెలకి ఎక్కడికి దిగుతుందన్నదే నేను చూస్తాను" అన్నారు. అమెరికాలో పాత స్టడీ ఒకటి ఉందట. మగ హార్మోన్‌ని అణిచే వైద్యం మొదలుపెట్టిన ఏడు నెలలకి పీఎస్‌ఏ 0.2 లేదా అంతకన్నా కిందికి దిగినవాళ్లలో సగం మంది 75 నెలలు దాటి బతికారట. 4 కంటే కిందికి దిగనివాళ్లలో సగం మంది 13 నెలలకే పోయారట. అది కొత్త బిళ్లలు రాకముందు సంగతి అని కూడా చెప్పారు. నా బుర్రలో మాత్రం 13 ఒక్కటే మిగిలింది.

మూడు నెలలకో ఇంజెక్షన్, రోజూ పరగడుపున ఆ కొత్త రకం అబిరాటిరోన్ బిళ్లలు నాలుగు. వేసుకున్నాక గంటసేపు కాఫీ కూడా లేదు, అదే పెద్ద శిక్ష. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరి పట్టినట్టు చెమటలు. విసనకర్రతో విసురుతూ మా ఆవిడ, "ఇప్పుడు తెలిసిందా అండీ, నేను పడ్డది" అంది.

నెల తిరిగేసరికి పీఎస్‌ఏ 91కి వచ్చింది. కానీ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 410 నుంచి 580కి ఎక్కింది. ఎముకల్లో జబ్బు ఎక్కువైతే పెరిగేది అదేనని అప్పటికే చదివి ఉన్నాను, రెండు రోజులు అన్నం సయించలేదు. డాక్టరు గారు నవ్వారు. ఎముక మళ్లీ కట్టుకునేటప్పుడు కూడా కొన్నాళ్లు అది పెరుగుతుందట. "పీఎస్‌ఏ దిగుతోంది, నొప్పి తగ్గింది, జబ్బు జోరు చెప్పే ఇంకో రక్తపరీక్ష ఎల్‌డీహెచ్ నార్మల్‌గా ఉంది. ఒక్క అంకె పట్టుకుని టెన్షన్ పడకండి" అన్నారు. హిమోగ్లోబిన్ 9.8 ఉండటమే ఆయనకి నచ్చలేదు. మొదట్లోనే రక్తం తక్కువున్నవాళ్లకి జబ్బు మొండికేసే అవకాశం ఎక్కువట.

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కపెట్టే పరీక్ష గురించి మా అబ్బాయి అడిగాడు. 7.5 మిల్లీలీటర్ల రక్తంలో ఐదు, అంతకుమించి దొరికితే మంచిది కాదట. "చేయించినా ఇప్పుడు మందు మారదు, డబ్బు దండగ" అన్నారాయన. బీఆర్‌సీఏ జన్యు పరీక్ష మాత్రం పట్టుబట్టి చేయించారు. వంశపారంపర్యంగా వచ్చే ఆ జన్యువులో తేడా ఉంటే మందు మారొచ్చు, పిల్లలూ చూపించుకోవాలి. ఆ రిపోర్టు వచ్చిందాకా నా సంగతి మర్చిపోయి మా అబ్బాయి గురించే దేవుడికి మొక్కుకున్నాను. ఏమీ లేదని వచ్చింది.

ఏడో నెల. ల్యాబ్ మారిస్తే అంకె అటూఇటూ అవుతుందని మళ్లీ అక్కడికే వెళ్లాను. సాయంత్రం వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. కళ్లజోడు కనపడక మా ఆవిడకే ఫోన్ ఇచ్చాను. "సున్నా... చుక్క... ఒకటి నాలుగు" అని కూడబలుక్కుని చదివింది. పాయింటు ఎక్కడుందో మూడుసార్లు అడిగాను.

అది జరిగి రెండేళ్లు. జబ్బు పోలేదు, అణిగి ఉంది. హిమోగ్లోబిన్ 12 దగ్గర నిలబడింది. పొద్దున్నే చెరువు గట్టు దాకా నడిచి వస్తున్నాను. మళ్లీ సోమవారం రక్తం ఇవ్వాలి. ఎడమ చెయ్యే చాపుతాను, కుడిచేతి నరం ఆ కుర్రాడికి దొరకదు.