ఎన్ని కొట్టిండట?

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక సందుల మా బాపుకు స్క్రీన్ ప్రింటింగ్ దుకాణం ఉండె, అంటే చెక్క ఫ్రేముకు బిగించిన సన్న జాలి గుడ్డల నుంచి రంగు దింపి అచ్చు కొట్టుడు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, బట్టల షాపుల సంచులు, ఎలక్షన్లొస్తే జెండాలు. ఫ్లెక్సీలు వచ్చినంక గిరాకి పడిపోయి మూసేసిండు. ఇప్పుడు రెండు చెక్క ఫ్రేములు మా ఇంట్ల సజ్జ మీద ఉన్నయి, అమ్మ పారేద్దామంటది, బాపు ఒప్పుకోడు.

మొన్న సెల్లుల ఆయనకు అమెరికా ఆర్టిస్టు ఆండీ వార్హోల్ గిట్లనే స్క్రీన్ ప్రింటింగ్ తోటి చేసిన హాలీవుడ్ హీరోయిన్ మార్లిన్ మన్రో బొమ్మ చూపెట్టిన. 2022 మేల న్యూయార్క్ క్రిస్టీస్ వేలంల 19 కోట్ల 50 లక్షల డాలర్లకు పోయింది, అప్పటి లెక్కల మన పైసలల్ల దగ్గర దగ్గర 1500 కోట్లు. బాపు అద్దాలు సర్దుకొని చాన సేపు చూసిండు, రేటు ముచ్చటే ఎత్తలే, "ఎన్ని కొట్టిండట?" అన్నడు.

నిజం చెప్పాలంటే ఈ బొమ్మల మార్కెట్ అంత ఆ ఒక్క ప్రశ్న మీదనే నడుస్తది. ఆ బొమ్మ 1964లది, 40 ఇంచుల క్యాన్వాసు, ఆ సైజుల ఐదే ఉన్నయి, బ్యాక్‌గ్రౌండ్ కలర్ తీరుతీరు. కాయితం మీద కొట్టినయి వేరే, 1967ల పది కలర్ల సెట్టు, ఒక్కోటి 250 కాపీలు, 26 ప్రూఫులు, అంటే ఆ లెక్కల కలవని కాపీలు, అదనం, వెనక పెన్సిల్ సంతకం, నంబరు ముద్ర. ఇంకా కొడితే స్క్రీన్ అరుగుతదా ఏమన్న, మేమే కొట్టం అని ఆపుకున్నరు, గంతే. అటెన్క సండే బి మార్నింగ్ అనెటోళ్లు అవే బొమ్మలు కొట్టి వెనక "మీ సంతకం మీరే పెట్టుకోండి" అని ముద్ర వేసిన్రు, కొన్నిటి మీద వార్హోల్ "ఇది నేను చేసింది కాదు" అని రాసి కింద సంతకం పెట్టిండు! బాపు పడి పడి నవ్విండు.

కానీ ఆయనకు నచ్చనిది ఒకటుంది, పెదాల రంగు గీత దాటి పక్కకు జరిగింది. ఒకసారి 500 కార్డులల్ల వినాయకుడి ఎరుపు ఇట్లనే రవ్వంత జరిగితే మళ్ల మొత్తం ఉత్తగనే కొట్టిచ్చిండు పాపం. గీడ మాత్రం ఆ జరుగుడే అసలు సంగతి అంటరు. మన్రో 1962 ఆగస్టుల చనిపోయింది, కొన్ని వారాలకే వార్హోల్ ఆమె పాత సినిమా పబ్లిసిటీ ఫోటో ఒకటి పట్టుకొని మొదలుపెట్టిండు. అసలు మనిషి లేదు, ఫోటోనే ఉంది, దాని మీద మేకప్ లెక్క రంగు.

అదే సంవత్సరం చేసిన ఇంకోటి ఉంది, ఎడమ దిక్కు 25 ముఖాలు రంగులల్ల, కుడి దిక్కు 25 నలుపు తెలుపుల, కొన్ని నల్లగ అలుక్కపోయి, కొన్ని మాసిపోయి. విమర్శకులు అది చావు అంటరు. బాపు చూడంగనే "గీడ ఇంకు ఎక్కువైంది, గీడ స్క్రీన్ జాలి బందైంది" అన్నడు. నాకైతే రెండూ ఒక్కటే అనిపించినయి.

మా నానమ్మ పోయినప్పుడు ఆధార్ ఫోటో ఇస్తే ఫ్లెక్సీ పిలగాడు ముఖం తెల్లగ చేసి, వెనక నీలి మబ్బులు పెట్టి శ్రద్ధాంజలి కొట్టిచ్చిండు. ఆమె బతికున్నన్ని దినాలు అట్ల ఎన్నడు లేదు. అయినా ఇప్పుడు కండ్లు మూసుకుంటే నాకు ఆ ముఖమే వస్తది, వెనక మబ్బులతోటి.

బాపు ఇంకా సెల్లు ఇడువలే. "ఫ్రేములు పట్టుడు, కడుగుడు ఎవరు చేసిన్రట?" అన్నడు. జెరార్డ్ మలాంగా అని ఒక పిలగాడు ఉండె, గంటకు డాలరుం పావు ఇచ్చెటోడట అని చెప్పిన.

మా దుకాణంల ఇరవై ఏండ్లు కిరసనాయిల్ పెట్టి స్క్రీన్లు కడిగింది అమ్మనే. వంటింట్లకెళ్లి ఇనవడింది, "నాకు గది గూడ లేకపాయె."