లేపాక్షిలో పన్నెండు ఫ్రేములు

హిందూపురం స్టేషన్లో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. బయట ఆటో అతను లేపాక్షికి ఐదు వందలు అన్నాడు. పదిహేను కిలోమీటర్లకు ఐదు వందలు! బేరమాడబుద్ధి కాలేదు. బస్టాండ్ దాకా నడిచి బస్సెక్కి కూర్చున్నాను గానీ చాలాసేపు ఆ అంకె మనసులోంచి పోలేదు. ఐదు వందలంటే నాకు ఫిల్ములో ఆరు ఫ్రేముల, అంటే ఆరు బొమ్మల ఖరీదు. ఈసారి తెచ్చుకున్నది ఒకటే నలుపు తెలుపు ఫిల్ము రోలు, 120 సైజు ఇల్ఫర్డ్ హెచ్‌పీ5. నాన్న వాడిన కెమెరా యాషికా మ్యాట్‌లో దానికి పన్నెండు బొమ్మలే వస్తాయి, అవీ చదరంగా.

ఫోన్ బ్యాగులోనే ఉంచాలని ముందే అనుకున్నాను. రోజంతా పన్నెండంటే పన్నెండే.

గుడిలోకి వెళ్లగానే వేలాడే స్తంభం దగ్గర మూగిన జనం కనిపించారు. డెబ్బై స్తంభాల్లో అందరికీ అదొక్కటే కావాలి. కింద తువ్వాలు దూర్చడం, అవతల లాగడం, వీడియో తీసుకోవడం. దాన్ని వదిలేసి పైకప్పు చూస్తూ నిలబడ్డాను. గిరిజా కల్యాణం, అర్జునుడి తపస్సు, ఆ ఆడవాళ్ల కొప్పులు, చీరల అంచులు. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను, కెమెరా మాత్రం ఎత్తలేదు. కావి రంగు పక్కన ఆకుపచ్చ పెట్టి ఆ చిత్రకారులు చీరనీ ఒంటినీ విడదీశారు. నా ఫిల్ముకు ఆ రెండూ దాదాపు ఒకే బూడిద. రంగుతో గీసిన గీతను రంగు తీసేసి చూపించడం వాళ్లకు అన్యాయం చేయడమే అనిపించింది.

ఇదే ఇంకోచోట బాగా గుచ్చుకుంది. ఈ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తనే పీకి గోడకేసి కొట్టాడని చెప్పే ఎర్ర మరకల దగ్గర గైడు ఒక కుటుంబానికి కథ చెబుతున్నాడు. చిన్నపిల్ల ఒకతె అమ్మ కొంగు పట్టుకుని ఆ మరకలకేసే కళ్లార్పకుండా చూస్తోంది. లెన్సు ముందు పెట్టే రంగు గాజు ఫిల్టర్లు నా దగ్గరున్నవి రెండు, పసుపు, ఎరుపు. ఏ రంగు గాజు పెడితే బొమ్మలో ఆ రంగు లేతబడుతుంది. ఎరుపు పెడితే ఆ మరకలు రాతిలో కలిసిపోయి మాయమవుతాయి. పసుపు వల్ల ఒరిగేదేమీ లేదు. ఆకుపచ్చది ఉంటే నల్లగా తేలేవి. అది ఇంట్లో బీరువాలో ఉండిపోయింది. ఆ పిల్ల ముఖమొక్కటే తీసుకున్నాను, గోడ లేకుండా.

కల్యాణ మండపం దగ్గరికి వచ్చాక ప్రాణం లేచొచ్చింది. సగంలో ఆగిపోయిన మండపం కాబట్టి పైకప్పు లేదు. పొద్దెక్కేకొద్దీ స్తంభాల నీడలు పొట్టివవుతూ నేల మీద జరుగుతుంటాయి. ఇక్కడ ఎరుపు ఫిల్టరు పెట్టాను. ఎండలో షట్టరు ఐదు వందో వంతు సెకను తెరిస్తే సరిపోయేచోట అరవయ్యో వంతు కావాలి, వెలుతురు అంత తినేస్తుంది. బదులుగా నీలాకాశం బొగ్గులా దిగుతుంది, దాని ముందు రాయి తెల్లగా నిలబడుతుంది. నాలుగు ఫ్రేములు ఖర్చయ్యాయి. సీతమ్మ పాదం దగ్గర ఒకటి. ఆ పెద్ద అడుగులో నీళ్లు నిలిచి ఉన్నాయి. తడి రాయి, పొడి రాయి. ఈ ఫిల్ముకు అంతకంటే ఏం కావాలి? పాదాన్ని చదరం మధ్యలో పెట్టకుండా ఒక మూలకు జరిపి, మిగతా అంతా పొడి బండనే ఉంచాను.

మధ్యాహ్నం భోజనం గురించి రాయడానికేమీ లేదు. సాంబారు చల్లగా ఉంది, డబ్బులు ఎక్కువ తీసుకున్నారు.

సాయంత్రం బసవన్న దగ్గరికి నడిచాను. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు, అంతా ఒకే రాయి. పక్క మీద పడుతున్న ఏటవాలు ఎండలో మెడలోని గంటల దండ ఒక్కొక్క గంటగా పైకి తేలుతోంది. ముందు ఒక పెద్దామె గంప పెట్టుకుని ఉడకేసిన చెనక్కాయలు అమ్ముతోంది. ఎర్ర చీర. వెనక పచ్చటి చెట్లు. ఎవరైనా అక్కడే ఫోన్ తీస్తారు, రంగులు అంత బాగా కుదిరాయి. నాకు మాత్రం ఆమె చెట్లలో కలిసిపోతుంది.

ఎరుపు ఫిల్టరుతో చెట్లను నల్లబరచొచ్చు. కానీ అప్పుడు చీరా వెలిసిపోతుంది, ముఖమూ సున్నం కొట్టినట్టవుతుంది. ఆ ముఖంలోని ముడతలు పోగొట్టి నేను సాధించేదేముంది? ఫిల్టరు తీసేసి నేనే జరిగాను. మోకాళ్ల మీద కూర్చుని ఎడమకు వస్తే, ఎండ పడిన బసవన్న పక్క ఆమె వెనకకు వచ్చింది. ముదురు చీర, లేత రాయి. చెట్లు పక్కకు తప్పుకున్నాయి. యాషికాలో పైనుంచి తల వంచి అద్దంలోకి చూడాలి, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఎదుటి మనిషికి మనం దండం పెడుతున్నట్టుంటుంది. ఆమె నడుము దాకా, మిగతా చదరమంతా బసవన్న మెడ. బిగువుగా కుదిరింది. మీట మీద వేలు పెట్టాను.

“ఏమప్పా, నన్నా తీసేది, బసవన్ననా?”

“ఇద్దర్నీ అమ్మా.”

“కాళ్లు పడతాయా నావి?”

పడవన్నాను. ఆమె చెనక్కాయల గ్లాసు పక్కన పెట్టింది. “కాళ్లు ల్యాకుండా తీయొద్దు నాయనా. మా ఆయనకి కాళ్లు ల్యావు.”

నాకు మొదట అర్థం కాలేదు. ఆయన పోయి చాలా ఏళ్లయిందట. ఆయన విడిగా దిగిన ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. కూతురి పెళ్లిలో అందరూ కలిసి దిగిన దాంట్లోంచి ఆయన ముఖం మటుకు కోసి, పెద్దది చేయించి పటం కట్టించారు. “గోడ మీద అట్లా తల ఒకటే ఉంటాది. యాడ నిలబన్నాడో, ఏం తొడుక్కున్నాడో ఏమీ ల్యా.”

జనగామలో మా నాన్న స్టూడియో గుర్తొచ్చింది. పల్లెల నుంచి వచ్చేవాళ్లు కొత్త చెప్పులు వేసుకుని వచ్చేవాళ్లు. నాన్న పాదాల కింద ఇంకో రెండు వేళ్లంత నేల ఉంచేవాడు. “ముందుగాల మూలలు చూడు బిడ్డా, ఆ తర్వాతనే మొఖం చూడు” అనేవాడు. మూలల్లో చెత్త ఉండకూడదని చెబుతున్నాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను. కింది మూలల్లో మనిషి నిలబడ్డ చోటు ఉంటుందని ఆ సాయంత్రమే తట్టింది.

వెనక్కి జరిగాను. జరగగానే బిగువు పోయింది. కుడి అంచులో ఒక బోర్డు, ఇనుప కమ్మీలు. ఆమెను అడిగి గంపను ఒక అడుగు పక్కకు పెట్టించి, కెమెరాను దాదాపు నేలకు దించితే గంప అంచు చాటుకు బోర్డు వెళ్లింది. పగిలిన మడమలు, అరిగిన మెట్టెలు, కాళ్ల ముందు పడ్డ రెండు చెనక్కాయ తొక్కలు. వెనక బసవన్న మడిచిన ముందుకాలు. బిగువు ఫ్రేములో ఆ కాలే లేదు. కెమెరాలో మిగిలిన మూడూ ఆమెకే వాడాను.

రోలు ఇంట్లోనే కడిగాను. ఆ మూడింట్లో రెండోది నిలిచింది. ఏ అంచూ కోయకుండా పది అంగుళాల చదరంగా ప్రింటు వేశాను.

వచ్చేటప్పుడు ఆమె ఇంకోటి అడిగింది, ఆయనకు ఇప్పుడు కాళ్లు పెట్టడానికి అవుతుందా అని. పెళ్లినాటి అసలు ఫొటో ఎక్కడుందన్నాను. పెనుకొండలో కూతురి దగ్గర ఆల్బమ్ ఉందట. ఆ గుంపులో ఆయన ముందు వరసలో నిలబడ్డాడో, వెనకో ఆమెకు గుర్తులేదు. వచ్చే నెల అదే బండికి టికెట్ తీసుకున్నాను, ఈసారి పెనుకొండకు.