ఎత్తు బంగారం

నాకు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని 2021లో తేలింది. రక్తపరీక్షలు, ఎముక మజ్జ తీయడం, కీమో కోసం హైదరాబాద్ తిరగడం అందరికీ ఉండేవే. మా మేనమామ మాట మాత్రం మర్చిపోలేను.

"చక్కెరే దాని తిండి బిడ్డా. నువ్వు తినుడు బంద్ పెడితే అది మాడి చస్తది."

అందులో సగం నిజం. క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను ఎక్కువగా లాక్కుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించాడు. బయాలజీ టీచర్‌ని కదా, ఆ సగమే నన్ను ముంచింది. అన్నం, పాలు, పండ్లు మానేసి సొరకాయ రసం తాగాను. డాక్టర్‌కు చెప్పలేదు. నెల తిరిగేసరికి 50 కిలోల దాన్ని 43కు వచ్చాను.

ఒక రాత్రి రెండు గంటలకు హన్మకొండలో మా ఇంటి బాత్రూంలో పడిపోయాను. జ్వరం 103. ఇంట్లో అమ్మ ఒక్కతే. ఆటో దొరకలేదు. పక్కింటి అన్న బైక్ తీశాడు, వెనక అమ్మ నన్ను వాటేసుకుని కూర్చుంది. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టర్ ఫైలు తిరగేసి, "ఈమెలో ఇంకేముందని తీసుకొచ్చిండ్రు?" అన్నాడు. నాకు స్పృహ లేదనుకున్నాడు. ఉంది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు. తెల్లారే దాకా నా మంచం పక్క నుంచి కదలకుండా యాంటీబయాటిక్స్ ఎక్కించిందీ అతనే, అదీ చెప్పాలి.

హైదరాబాద్ డాక్టరమ్మ తిట్టలేదు. "దాన్ని మాడ్చే పని మా ఇంజెక్షన్‌ది. నీ పని తినడం," అంది. ఆ ఇంజెక్షన్ పేరు ఆస్పరాజినేజ్. రక్తంలో ఉండే, కణాలు ప్రొటీన్ల తయారీకి వాడుకునే ఆస్పరాజిన్‌ను విరగ్గొడుతుంది. మామూలు కణాలు దాన్ని సొంతంగా చేసుకుంటాయి, నా రకం లుకేమియా కణాలకు అది చాలినంత చేతకాదు. మనం పస్తుంటే మాత్రం కాలేయం కండ కరిగించి మరీ చక్కెర తయారుచేస్తుంది. ఏటా పిల్లలకు నేను చెప్పే పాఠమే! మెథోట్రెక్సేట్ అనే ఇంకో మందు కూడా కణానికి ఫోలిక్ ఆమ్లం పనికిరాకుండా చేసేదే. దాని వెనుక భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యెల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉందని తెలిశాక, సూది నొప్పిలోనూ కాస్త గర్వపడ్డాను.

ఎవరైనా తిండి మానమంటే, ముందు మీ డాక్టర్‌ను అడగండి. నాలాగా దాచకండి.

సమ్మక్క తల్లికి నా ఎత్తు బంగారం ఇస్తానని అమ్మ మొక్కుకుంది. 2024 ఫిబ్రవరి జాతరలో తూకం వేస్తే 54 కిలోల బెల్లం. మూటలు మోసింది మామే. ప్రసాదం ముక్క నా నోటి దాకా తెచ్చి ఆగాడు.

"తినొచ్చునా బిడ్డా?"